నిటారుగా లేచిన ఇల్లు

ఇంగ్లండులోని సఫోక్‌లో ఆ పాత కొయ్యచట్రపు ఇల్లు తాగుబోతులా తూలుతోందని పక్కింటి మిసెస్ థర్కెటిల్ చర్చి దగ్గర నలుగురిలో అన్నదట. అది విని ఇంటాయన ఆంబ్రోస్ మూలనున్న ఓక్ స్తంభాన్ని జాకీ పెట్టి నిటారుగా లేపాడు. దాంతో పడకగది తలుపు బిగుసుకుపోయింది. లోపల చిక్కుకున్న అతని భార్య హెస్టర్ తలుపు బాదుతోంది.

“ఏమయ్యా, ఇన్ని వందల ఏళ్ళు తూలింది, ఏనాడైనా పడిందా?”

“ఉండవే, తలుపు అంచు కోసేస్తా.”

“దాని జోలికెళ్ళావో! ఒరిగిన గుమ్మానికి సరిపడేట్టు మీ తాత వంకరగా కోసిన తలుపది. జాకీ దించు!”

“మళ్ళీ ఒరిగితే ఆవిడ ఏమంటుందే?”

“ఆవిడ మాటకి ఇల్లు నిలబెట్టావు. నీతో కాపురం చేసేది నేను. నా మాటకి వంచు.”