హిల్కా పెరట్లో తెల్లపొగ

ఉత్తరాది మంచుదేశంలో సొడంకులా అనే ఊరి పెట్రోలు బంకులో కాఫీ బల్ల దగ్గర కూర్చుందన్న మాటే గానీ, హిల్కా ప్రాణం ఆ ఉదయం కుదురుగా లేదు. ఇల్లు వెచ్చబరిచే పాత నూనె బాయిలరు పీకించేసి, బయటి గాలిలోంచే వేడి లాగే హీట్ పంపు పెట్టించుకుంది. మూడు రోజుల కిందట పెరట్లో దాని పెట్టె గుప్పుగుప్పున తెల్లటి పొగ కక్కింది. హడలిపోయి ఆపేసింది. అప్పట్నుంచీ నొప్పి మోకాలితో కట్టెలు మోసుకుంటూ, వంటింట్లో పొయ్యి పక్కనే పడుకుంటోంది. "వద్దంటే విన్నావా?" అని అక్క ఎత్తిపొడుస్తుందని ఎవరికీ చెప్పలేదు.

ఎదురుగా ఓస్మో. ఆయన మాటలు కోటలు దాటుతాయి.

"మేం హీట్ పంపు పెట్టించిన మొదటి చలికాలం, బయట మైనస్ ముప్పై. లోపల నేను చొక్కా విప్పేసి కూర్చున్నా. అబద్ధమైతే చెవి కోసిస్తా. అదేం చేస్తుందంటే, చలిని తడిగుడ్డలా పిండి అందులోంచి వేడి తీస్తుంది. మాది కాస్త గట్టిగా పిండింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైందేమిటి?" అన్నాడు లారీ తోలే రైమో.

"ఇంటికప్పు మీది మంచు మొత్తం కరిగింది. జనవరిలో దోమలు లేచాయి! వసంతం వచ్చేసిందనుకుని అడవిలో ఎలుగుబంటి నిద్రలేచి, తిన్నగా వచ్చి మా తలుపు తట్టింది. పాపమని కాఫీ పోసి ఏలకుల రొట్టె పెట్టా. 'ఓస్మో, మా గుహలో ఇంత వెచ్చన లేదు' అని..."

"అందా?"

"అనాలా? మొహం చూస్తే తెలీదూ! అక్కడితో ఆగిందా, చెరువు కాగడం మొదలైంది. చేపలు ఉడికి తేలాయి. నేను నాలుగు బస్తాల బంగాళాదుంపలు పడేసి, ట్యాంకరు పాలు పోయించా. చెరువు చెరువంతా చేపల సూపు! ఊరంతా గరిటెలు పట్టుకొచ్చారు. మార్చి దాకా ఒక్క ఇంట్లో పొయ్యి వెలిగితే ఒట్టు!"

హిల్కా కాఫీ కప్పు కింద పెట్టింది. "ఓస్మో, మరి మీ పంపు ఎప్పుడైనా... పొగ కక్కిందా?"

"పొగా? నా పంపా?" అని ఆయన మీసం దువ్వేలోపు, పక్క బల్ల దగ్గర ఊలు అల్లుకుంటున్న ఆయన భార్య ఇర్మెలి సూదులు ఆపింది.

"ఎందుకు కక్కలేదు వదినా, మొదటి వారమే కక్కింది. ఈ మహానుభావుడు ఇల్లంటుకుందని కేకలేస్తూ లోదుస్తులతో మంచులోకి దూకి, నా కొత్త రగ్గు దానిమీద కప్పి, పైకెక్కి కూర్చున్నాడు. ఫైరింజను వాళ్ళొచ్చి దించారు. 'తాతా, అది పొగ కాదు, ఆవిరి. పెట్టెకు మంచు పేరుకుంటే అదే అప్పుడప్పుడు వేడెక్కి కరిగించుకుంటుంది' అని చెప్పి, నవ్వుకుంటూ పోయారు."

రైమోకి కాఫీ పొలమారింది.

"చెరువు సంగతి మాత్రం నిజం," అని గొణిగాడు ఓస్మో.

హిల్కా నవ్వింది. నవ్వీ నవ్వీ ఏడ్చేసింది. "ఆవిరా? ఉత్త ఆవిరేనా?" అని ఇర్మెలి చేత నాలుగుసార్లు చెప్పించుకుంది.

ఇంటికెళ్ళి పంపు వేసింది. కాసేపటికి కిటికీ అవతల తెల్లటి మబ్బు మళ్ళీ లేచింది. ఈసారి ఆపలేదు, చూస్తూ నిలబడింది. మబ్బు పల్చబడి చెదిరిపోయింది, పెట్టెలోని పంకా మళ్ళీ తిరిగింది, ఇంట్లో వెచ్చటి గాలి మెడకు తగిలింది. హిల్కా పడకగదిలోకి వెళ్ళి, పట్టపగలే కమ్మగా నిద్రపోయింది.