తెల్లదోమ లేచే వేళ

రైతుల సమావేశం అయ్యాక, వ్యవసాయ కార్యాలయం వరండాలో బల్ల మీద అత్తాకోడళ్లు పక్కపక్కనే కూర్చున్నారు. కోడలి ఒళ్లో చేలోని తెల్లదోమల లెక్కలు రాసిన నోటుపుస్తకం ఉంది.

“అందరి ముందూ లేచి అలా చెప్పేశారేంటి అత్తయ్యా! సిగ్గుతో చచ్చిపోయాను.”

“ఈ లెక్కలెవరు రాశారని సమావేశానికొచ్చిన శాస్త్రవేత్త అడిగాడు. మా కోడలని చెప్పాను. అబద్ధమా?”

“దోమలు లెక్కపెట్టే పిచ్చిదాన్ని తెచ్చుకున్నామని మొన్నటిదాకా అన్నది మీరే కదా?”

“అన్నాను. గంటగంటకీ పసుపు జిగురు అట్ట మార్చి, దానికంటుకున్న చుక్కల్లాంటి దోమల్ని మెడ వంచి లెక్కపెడుతుంటే ఇంకేమనుకోను? తెల్లదోమ పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకానే గుంపుగా లేస్తుందని, ఎండెక్కితే ఆకుల కింద నక్కుతుందని నాకేం తెలుసు? నలభై ఏళ్లు సేద్యం చేశాను, ఒక్కనాడైనా గమనించానా?”

“పక్క చేను బాబాయి దోమ పట్టిన ముదురు వంగతోట పొద్దున్నే పీకిస్తానన్నప్పుడు వద్దని బతిమాలాను. గాలి మన వైపే వీస్తోంది. దోమంతా లేచి మన టమాటా మీదే వాలి ఆకుముడత తెగులు అంటించేది.”

“అందుకేగా గట్టు మీద అడ్డంగా నిలబడ్డావు! మధ్యాహ్నం పీకించి, మొక్కల్ని అక్కడే గోతిలో పూడ్పించేదాకా కదల్లేదు. ఇవాళ ఊరు మొత్తంలో ఆకుముడత లేని టమాటా మనదొక్కటే.”

“వచ్చే వారం రైతులందరికీ నన్నే చెప్పమంటున్నారు. అంతమందిలో నాకు నోరు పెగలదు అత్తయ్యా.”

“ముందు వరసలో నేను కూర్చుంటాను. నా మొహం చూసి చెప్పు. నాకు అర్థమైతే అందరికీ అర్థమైనట్టే.”