ఎర్ర పెన్సిలుతో అంచులు నింపిన అంతయ్య గారు

1991 జూన్ 14వ తేదీ, శుక్రవారం నాడు, శ్రీ ఆడెపు అంతయ్య గారు ఉట్నూర్‌లోని మా తాగునీటి ఉపవిభాగంలో, పటాలకు నకళ్లు గీసే ట్రేసరుగా విధుల్లో చేరారు. మరమగ్గాల మోతలో పెరిగిన నేత కుటుంబం నుంచి ప్రభుత్వోద్యోగంలోకి వచ్చిన మొదటి వ్యక్తి వారు. నాటి నుంచి 2026 మార్చి 31 వరకు, ముప్పై నాలుగేళ్లకు పైగా, మన గొట్టపు మార్గాల చిత్రపటాలు ఆ చేతుల మీదుగానే నడిచాయి.

ఉట్నూర్‌లో పనిచేసిన తొమ్మిదేళ్లలో వారు జీపు వెళ్లిన చోటికి జీపులోనూ, వెళ్లని చోటికి కాలినడకనూ వెళ్లి గూడేలకు నీటి మార్గాలు కొలిచారు. ఒక గూడెంలో భూమవ్వ అనే పెద్దావిడ, వాల్వు కోసం గుంత తవ్వితే తన ఇప్పచెట్టు చచ్చిపోతుందని చెట్టు మొదట్లో కూర్చుని లేవనన్నదట. పై అధికారుల అనుమతి లేకుండా పటంలో గీత మార్చే అధికారం ట్రేసరుకు ఉండదు. అంతయ్య గారు పటాన్ని ముట్టుకోకుండా, వాల్వును నలభై అడుగులు తూర్పుకు జరిపించి, ఆ సంగతిని పటం అంచున ఎర్ర పెన్సిలుతో రాసిపెట్టారు. అదే ఆయన పద్ధతి అయింది. అనుమతి పొందిన రూపం నడిమధ్యన, నేల మీద నిజంగా జరిగిన పని అంచున ఉండేవి. తరువాత లక్సెట్టిపేటలోనూ, డ్రాఫ్ట్స్‌మన్‌గా కరీంనగర్‌కు వచ్చాకా ఆ అలవాటు మారలేదు. ఆయన బీరువాలో దొరకని పటం లేదు, ఆయన విసుక్కోగా చూసిన మనిషీ లేడు. విసుక్కునే పని ఈ కార్యాలయంలో నేను చూసుకుంటాను.

ఇక నా వంతు చెప్పాలి. పదవీ విరమణ ప్రత్యేక సంచికలో ఇలాంటివి రాస్తారా అని పెద్దలు అడిగారు. రాయకపోతే ఈ అభినందన అబద్ధమవుతుంది.

2025 జనవరిలో మన కార్యాలయానికి ఒక కొత్త సాధనం వచ్చింది. ఇంజినీర్లు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పే ఏఐ ఏజెంట్లకు సాంకేతిక నిర్దేశాల సంపుటాల్లోని అక్షరాలు చదవడం వచ్చుగాని, అందులోని బొమ్మలు వెతికి తేవడం రాదు. ఆ లోటు తీర్చే సాధనమది. ఫలానా వాల్వు అనగానే ఫలానా పటాన్ని తెర మీద పెడుతుంది. తొమ్మిది వందల పన్నెండు పటాలను స్కాన్ చేయించే బాధ్యత సహాయ ఇంజినీరునైన నాది. పెన్సిలు రాతలతో యంత్రం తికమక పడుతోందని, చుట్టూ అంచులు కత్తిరించి స్కాన్ చేయమన్నాను.

"మేడం, అంచులు తియ్యకుండ్రి. పని ఎట్ల జరిగిందో గా అంచులనే ఉన్నది" అన్నారు అంతయ్య గారు.

"అంతా శుభ్రంగా ఉండాలి కదండీ" అన్నాను. స్కాన్ అయిన అసలు పటాలను రద్దుకు పంపే ఉత్తర్వు మీద సంతకమూ నేనే చేశాను.

ఆ మే నెలలో భూమవ్వ గూడెం వైపు వెళ్లే గొట్టం పగిలింది. నీరు కట్టేసి మరమ్మతు చేయడానికి వాల్వు కావాలి. సాధనం క్షణంలో పటం తెచ్చింది. పటంలో చూపిన చోట రెండు రోజులు తవ్వినా మట్టే వచ్చింది. ఏడు గూడేలకు చుక్క నీరు లేదు. అంతయ్య గారు అప్పుడు సెలవులో, కరీంనగర్ ఆసుపత్రిలో భార్య శంకరవ్వ గారి మంచం పక్కన ఉన్నారు. మూడో రోజు పొద్దున ఫోను చేశాను.

"ఇప్పచెట్టు ఉన్నదా మేడం?"

"లేదండీ. రోడ్డు వెడల్పులో పోయిందట."

"అయితె నేను వచ్చి సూడాలె."

శంకరవ్వ గారు ఏమన్నారో వారి అమ్మాయి నవీన తరువాత నాకు చెప్పింది. "నీళ్లు లేకుంటె పోరగాండ్లు ఎట్ల ఉంటరు? పోయిరా. నేను యాడికి పోత?" అన్నారట.

అంతయ్య గారు వచ్చి, ఎండలో అటూ ఇటూ నడిచి, పాత కల్వర్టు నుంచి అడుగులు లెక్కపెట్టి, ఒకచోట మడమతో నేలను తట్టి చూపించారు. రెండు అడుగుల లోతున వాల్వు దొరికింది. తిరుగు ప్రయాణంలో లక్సెట్టిపేట దాటకముందే నవీన నుంచి ఫోను వచ్చింది. నేను ఆయన పక్కనే ఉన్నాను. ఆయన ఫోను జేబులో పెట్టుకున్నారు. తరువాత డ్రైవరుతో, "జర ఆపు తమ్మీ. చేతులకు మట్టి ఉన్నది. గిట్లనే పోతె కొట్లాడుతది" అన్నారు. సీసాలోని నీళ్లు ఆయన చేతుల మీద నేనే పోశాను.

శంకరవ్వ గారి కర్మకాండలు ముగిసి ఆయన విధుల్లో చేరిన రోజున క్షమాపణ చెప్పుకున్నాను. "మీరు మాత్రం ఏం జేస్తరు మేడం. పటాలు తీసియ్యుండ్రి" అన్నారంతే. అప్పటి నుంచి పది నెలలు, ప్రతి పటాన్నీ అచ్చు తీయించుకుని, గుర్తున్న మేరకు అంచులన్నీ ఎర్ర పెన్సిలుతో తిరిగి రాశారు. ఆరువందల నలభై పటాలు పూర్తయ్యాయి. ఇప్పుడు సాధనం వాటిని అంచులతో సహా తెచ్చి చూపిస్తోంది. మిగిలినవి ఆయనకు గుర్తు రాలేదు. అందుకు తనను మన్నించమని ఆయన నన్ను అడిగారు. ఆ మాటకు నేను ఏడ్చాను.

పదవీ విరమణ సభల్లో, మీ సలహాల కోసం ఎప్పుడైనా ఫోను చేస్తామని గౌరవపూర్వకంగా చెప్పడం మన ఆనవాయితీ. నేను ఆ మాట చెప్పను. మిగిలిన రెండు వందల డెబ్బై రెండు పటాల దారులు మేమే నడిచి, కొలిచి, రాసుకుంటాం. అంతయ్య గారూ, మీరు ఆరోగ్యంతో నిండు నూరేళ్లు జీవించండి. మనవరాలు మీ చేయి పట్టుకుని కూర్చున్నప్పుడు కూర్చునే ఉండండి. మా కార్యాలయం నుంచి ఫోను వస్తే, దయచేసి ఎత్తకండి.

భవదీయురాలు,
నర్మద
సహాయ ఇంజినీరు, కరీంనగర్