సూది గుచ్చని దిమ్మలు

ఫ్రాన్సు దేశపు ఆవెర్న్ కొండలలో జూలై నెల. ఓదీల్ వంటింట తల్లీకూతుళ్ళిద్దరే బల్లకు చెరొక వైపున నిలిచి ఉన్నారు, భోజనమునకు రావలసిన వాడింకా కొండ ఎక్కుతున్నాడు.

“కత్తి పెట్టకే! వేళ్ళతో చిదుము.”

“చిదమడమేంటమ్మా? మనింట్లో చీజ్ చిదిమి వేయడం నేనెప్పుడూ చూళ్ళేదు. దిమ్మ తెచ్చి బల్ల మీద పెట్టి, వచ్చినవాళ్ళ కళ్ళ ముందే కోస్తావు కదా.”

“ఎండలు కదే. ఈ ఎండల్లో ఎవరు తింటారు దిమ్మంత చీజ్? సలాడ్ అయితే చల్లగా ఉంటుంది. పది నిమిషాల్లో అయిపోతుంది కూడా.”

“ఎండలు ప్రతి ఏడూ ఉన్నాయి. పోయినేడు పారిస్ నుంచి వచ్చినావిడ పీచ్ పండ్లలో నీలి చీజ్ వేసి పెట్టమంటే ఏమన్నావు? పండుకీ చీజ్‌కీ పెళ్ళిచేస్తే ఆవు శపిస్తుందన్నావు.”

“అప్పుడేదో అన్నాను. నువ్వన్నీ గుర్తుపెట్టుకుంటావు. ఆ పీచ్‌లు తీసుకో. తొక్క తియ్యకు, తడిగుడ్డతో తుడువు చాలు. నూగు పోవాలి.”

“ఇంత పెద్ద ముక్కలు కొయ్యనా?”

“నెలవంకలా కొయ్యి. మరీ పల్చగా కోస్తే నీరు కారిపోతుంది. ఆ కర్బూజ సగం చాలు. ఆకులు ఆరాయా?”

“ఆరాయి.”

“చేత్తో చూసి చెప్పు, కళ్ళతో కాదు. తడి ఉంటే నూనె పట్టదు.”

“ఆరాయమ్మా, ఆరాయి. నీ కన్ను ఎలా ఉంది?”

“బాగానే ఉంది. ఆపరేషన్ చేసిన కన్నే ఇప్పుడు నయం. రెండోదే గుడ్డిది. నీ ముఖంలో ముడతలు కూడా కనిపిస్తున్నాయి.”

“థాంక్స్.”

“నిజం చెబితే థాంక్స్ ఎందుకు? అక్రోట్లు వేయించు. నూనె వద్దు, వట్టి పెనమే. నల్లబడితే చేదు.”

“అమ్మా.”

“ఊఁ.”

“ఈ గిన్నె కింద కాగితమేంటి?”

“ఏ కాగితం?”

“ఇదే. షాపు కాగితం. దీని మీద చీటీ కూడా ఉంది. అమ్మా, ఇది కొన్న చీజా? నువ్వు చీజ్ కొన్నావా?”

“మెల్లగా! కిటికీ తెరిచుంది.”

“ఎవరు వింటారు? ఆవులా?”

“ఆవులు వింటే మరీ సిగ్గుచేటు. ఇలా తే, పొయ్యిలో పడెయ్యి దాన్ని.”

“ఎక్కడ కొన్నావు?”

“మన అంబేర్ బజార్లో కాదులే. అక్కడ అందరికీ నేను తెలుసు. బస్సెక్కి ఆ పైఊరు వెళ్ళాను. కొట్లో పిల్ల ‘ఏ చీజ్ కావాలి మేడమ్, మీకు వివరం చెప్పనా’ అని అడిగింది. నాకు! వివరం! తల వంచుకుని విన్నాను సొలాంజ్. నీలం ఎలా పడుతుందో నాకు చెబుతుంటే పిల్లికూనలా విన్నాను.”

“మరి మన దిమ్మలు? కింద గదిలో ఇరవై రెండు ఉండాలి కదా. నీ కంటి ఆపరేషన్‌కి నేను వచ్చినప్పుడు ఇరవై రెండు ఉన్నాయి.”

“ఉండేవి.”

“ఉండేవంటే?”

“అక్రోట్లు మాడుతున్నాయి చూడు.”

“మాడట్లేదు. ఉండేవంటే ఏంటమ్మా?”

“తెల్లగా ఉన్నాయే. మొదటిది కోశాను, తెలుపు. రెండోది కోశాను, తెలుపు. అన్నీ కోశాను. ఒక్కదానిలో నీలి నరం లేదు. సుద్దముక్కల్లా ఉన్నాయి. సూది గుచ్చలేదు. ఒక్కదానికీ ఒక్క పోటు పడలేదు. గుచ్చకపోతే గాలి లోపలికి వెళ్ళదు, గాలి లేకపోతే నీలం పట్టదు. ఎనిమిదేళ్ళ పిల్లప్పటి నుంచి చేస్తున్న పని. ఎలా మరిచానే?”

“ఏం చేశావు వాటిని?”

“పక్క పొలం పందులకి వేశాను. ఊరంతా భోజనాల దగ్గర కూర్చున్న వేళ చూసి, తోపుడుబండిలో పెట్టి, పైన గోనె కప్పి తీసుకెళ్ళాను. దొంగసొత్తు మోసినట్టు మోశాను. అక్కడ ఎవరైనా అడిగితే ఏం చెప్పాలా అని దారంతా అనుకుంటూ వెళ్ళాను. ఎవరూ అడగలేదు. పందులు కూడా అడగలేదు.”

“నాకు ఫోన్ చేయకపోయావా?”

“చేసి ఏం చెప్పను? నాకు మతి పోయిందనా? నీకు తెలిసిందేగా. నువ్వేగా చెప్పావు.”

“నేనేం చెప్పాను?”

“అదేనే, ఆ ఆదివారం. కంటికి కట్టుతో పడుకుని ‘సొలాంజ్, దిమ్మలకి సూదులు పడ్డాయా’ అని అడిగితే, ‘శుక్రవారం నువ్వే దిగావు కదమ్మా, నేనే గుచ్చుతానని పట్టుబట్టి వెళ్ళి గంట తరవాత పైకి వచ్చావు, గుర్తు లేదా’ అన్నావు.”

“అన్నానా?”

“అన్నావు. నాకు గుర్తు లేదు. నువ్వు చెప్పాక గుర్తొచ్చినట్టే ఉంది. మెట్ల గోడ చల్లగా చేతికి తగిలినట్టు, కట్టు కిందనుంచి దీపం ఎర్రగా కనిపించినట్టు. దిగానన్న మాట నిజమే. మరి దిగి ఏం చేశాను? సూదుల చట్రం గోడకి వేలాడుతోంది, దిమ్మలు అరల మీద ఉన్నాయి. ఆ గంటసేపు ఆ చీకట్లో నిలబడి ఏం చేశానే నేను?”

“అమ్మా, దాని గురించి...”

“అక్రోట్లు!”

“తీశాను. తీశానమ్మా. దాని గురించి నీకో మాట చెప్పాలి.”

“ముందు నేను చెప్పేది విను, అతను వచ్చేలోపు. చిన్న గిన్నెలో వెనిగర్ పొయ్యి. రెండు చెంచాలు. ఒక చెంచా తేనె. ఉప్పు వెయ్యకు.”

“ఉప్పు లేకుండానా?”

“చీజ్‌లో ఉన్న ఉప్పే చాలు. తేనె కరిగాక అక్రోట్ నూనె సన్నగా పొయ్యి, కలుపుతూ ఉండు. విను. మీ గాస్తోన్ బాబాయ్ వచ్చేది భోజనానికి కాదు.”

“మరెందుకు ఈ హడావిడి?”

“భోజనం చేస్తాడులే. వచ్చేది ఆవుల కోసం.”

“ఏ ఆవుల కోసం?”

“మనకెన్ని రకాల ఆవులున్నాయే? పదకొండూ తోలుకుపోతున్నాడు. వచ్చే వారం బండి తెస్తాడు. ఇవాళ కాగితం మీద సంతకాలు.”

“ఆవుల్ని ఇచ్చేస్తున్నావా? అమ్మా! నువ్వా?”

“నేనే. కలపడం ఆపావేం? కలుపు.”

“ఒక్కసారి పాడైనందుకా? పాలు విరగవా, దిమ్మలు పగలవా? నాన్న ఉన్నప్పుడు ఒక ఏడు సగం పోయాయి కదా!”

“అవి పాలు చేసిన తప్పులు, వాన చేసిన తప్పులు. ఇది నా బుర్ర చేసింది. మీ అమ్మమ్మ మొదట పొయ్యి ఆర్పడం మరిచింది. తరవాత ఆదివారం మరిచింది. చివరికి నన్ను చూసి ‘నువ్వెవరి పిల్లవమ్మా, పొద్దుపోయింది, ఇంటికెళ్ళు’ అంది. నా ఇంట్లో నన్ను! నేను ఆవుల్ని మరిచే దాకా ఆగనా? నోరులేనివి. పాలు పిండకపోతే పొదుగులు వాచి అరుస్తాయి, ఎందుకు అరుస్తున్నాయో తెలియక నేను చూస్తూ కూర్చుంటాను. అంతదాకా ఆగను.”

“నువ్వేం మరిచిపోలేదు. నీకేమీ కాలేదు. డాక్టరుకి చూపిద్దాం.”

“కన్నుకి చూపించాను, చాలు. మొన్న ఆదివారం చర్చిలో ఫాదర్ గారి దగ్గర ఒప్పుకున్నాను. ‘మరుపు పాపం కాదు ఓదీల్, అబద్ధం పాపం’ అన్నారాయన. కొన్నదాన్ని మనదని పెట్టడం సంగతి మాత్రం అడగలేదు. అడిగితే వద్దంటారు.”

“మరెందుకమ్మా పెట్టడం? బాబాయ్‌కి ఉన్న మాట చెప్పేస్తే పోదా?”

“మనసు మారి ఇస్తోందనుకోవాలే అతను. మతి పోయి ఇస్తోందనుకోకూడదు. మీ నాన్న స్నేహితుడు. కొండ దిగువన నలుగురికీ చెబుతాడు. ‘మా వదిన చివరిదాకా చెయ్యి తప్పలేదు’ అని చెప్పాలి. దిమ్మ కోస్తే మనది కాదని రంగు చూసే పట్టేస్తాడు. పండ్లలో, తేనెలో చిదిమేస్తే తెలియదు. అందుకే ఈ సలాడ్. ఇంకేం అడగకు, సిగ్గుతో చస్తున్నాను.”

“సిగ్గుపడాల్సింది నువ్వు కాదు.”

“మరెవరు? ఆకులు అడుగున పరువు. పైన కర్బూజ, దాని మీద పీచ్‌లు. చీజ్ చివర్న. ఆ కలిపిన తేనె పులుసు అతను కూర్చున్నాకే పొయ్యి, ముందే పోస్తే ఆకు వాడిపోతుంది.”

“అమ్మా, ఆ శుక్రవారం...”

“కుక్క అరుస్తోంది. వచ్చేశాడు. కళ్ళు తుడుచుకో. ఏడుస్తావెందుకే? ఆవులు నావి, ఏడుపు నీదా?”

గాస్తోన్ లోనికి వచ్చి, టోపీ తీసి మోకాలిపై నుంచుకొని, బల్ల వద్ద కూర్చున్నాడు. ఓదీల్ తల వంచి ప్రార్థన చెప్పిన పిమ్మట పళ్ళెములు నిండినవి.

“వదినా! ఇదేం వింత? మీ ఇంట్లో పండ్లూ చీజూ ఒకే గిన్నెలోనా? సొలాంజ్ నేర్పిందా? లియోన్ పట్నం పోకడా?”

“ఆఁ, దాని పోకడే. తిను గాస్తోన్.”

“బాగుంది సుమా. పీచ్ తియ్యగా తగులుతుంటే ఈ ఉప్పదనం, అబ్బ! ఇక చాలని నువ్వే అంటున్నావు గానీ, ఈ చీజ్ తిన్నవాడెవడూ అనడు. ఇంకో ఇరవయ్యేళ్ళు చేస్తావు నువ్వు. ఏమంటావు సొలాంజ్?”

“అవును బాబాయ్.”

“ఏమ్మా, అలా కెలుకుతున్నావు? అమ్మ చేతి చీజ్ మొహం మొత్తిందా?”

“లేదు బాబాయ్. ఆకలి లేదు.”

“వదినా, నువ్వూ తినట్లేదు. ఏంటిది? నేనొక్కణ్ణే ఆవులా మేస్తున్నాను.”

“గాస్తోన్, ఆగు.”

“ఏమైంది?”

“ఆ చెంచా కింద పెట్టు. దేవుణ్ణి దీవించమని అడిగిన నోటితోనే ఈ అబద్ధం మింగలేను. అది నా చీజ్ కాదు.”

“నీది కాకపోతే ఎవరిది?”

“కొట్లోది. కొన్నాను. నావి తెల్లగా మిగిలాయి. సూది గుచ్చడం మరిచాను. ఒకటి కాదు, రెండు కాదు, ఇరవై రెండు. అందుకే ఆవుల్ని ఇస్తున్నాను. మా అమ్మకి వచ్చిందే నాకూ వచ్చింది. ఇప్పుడు తెలిసిందిగా. నవ్వుకుంటే నవ్వుకో.”

“నవ్వేదేముంది వదినా... నేను... అయ్యో. ముందే చెప్పి ఉంటే...”

“చెప్పాను కదా ఇప్పుడు. కాగితం తీయి.”

“ఇవాళే కావాలా? నాకు తొందర లేదు.”

“నాకుంది. రేపటికి ఏం గుర్తుంటుందో ఎవరికి తెలుసు? తీయి. ఎక్కడ పెట్టాలి? ఇక్కడా?”

“అక్కడ. కింద సొలాంజ్ కూడా పెట్టాలి. వారసురాలు కదా, రేపు మాట రాకూడదని నోటరీ గారు అన్నారు.”

“ఇదిగో, నాది అయిపోయింది. సొలాంజ్, కలం తీసుకో.”

“పెట్టను.”

“ఏమన్నావ్?”

“పెట్టనమ్మా. బాబాయ్, ఆ కాగితం చింపెయ్యండి. అమ్మ ఏమీ మరిచిపోలేదు. దిమ్మలకి సూదులు గుచ్చుతానని నేను మాటిచ్చాను. అమ్మకి కట్టు ఉంది, మెట్లు దిగొద్దన్నారు. నేనే గుచ్చాల్సింది. గుచ్చలేదు.”

“సొలాంజ్!”

“ఆ శుక్రవారం సాయంత్రం దాకా మా ఆయన రెమీతో ఫోన్లో పోట్లాడుతూ పెరట్లో తిరిగాను. తరవాత మరిచిపోయాను. నేను. నేను మరిచిపోయాను. ఆదివారం నువ్వు అడిగితే భయమేసింది. నలభై ఒక్కేళ్ళు వచ్చినా నీ తిట్టంటే భయం. నోటికి వచ్చింది అనేశాను, నువ్వే దిగావని. నువ్వు ఒక్క మాట ఎదురు చెప్పలేదు. నమ్మేశావు. అలా నమ్మేస్తావనుకోలేదు. తరవాత ఫోన్ చేసిన ప్రతిసారీ చెబుదామనుకున్నాను. చెప్పలేదు. నువ్వు గోడ పట్టుకోలేదు. దీపం చూడలేదు. ఆ రోజంతా మంచం మీదే నిద్రపోయావు. నువ్వు మెట్లు దిగనే లేదమ్మా.”

“వదినా... విన్నావా? అమ్మాయి ఏదో అంటోంది. ఈ సంతకాలు ఆపమంటావా?”

“విన్నాను గాస్తోన్.”

“అమ్మా, నా వంక చూడు. నిజం చెబుతున్నాను.”

“చూశావా గాస్తోన్, ఎలాంటి బిడ్డని కన్నానో! ముసలి తల్లి తలవంపులు చూడలేక, నలుగురి ముందూ తప్పు తన నెత్తిన వేసుకుంటోంది. ఏడవకు తల్లీ. నీకు అబద్ధమాడటం చిన్నప్పటి నుంచీ రాదు. సంతకం పెట్టు.”