సెనోగా వాతల పుస్తకం

ఆ దబ్బనం ఇలా ఇయ్యవే నబ్బోసా. పుస్తకం కుట్టడమంటే గోనెసంచి మూతి కుట్టడమనుకున్నావా? ముందు మడత లొంగాలి, ఆ తర్వాతే సూది. నాకెవరు చెప్పారా? సెనోగా చెప్పాడు. నువ్వెరగవులే, నా కూతురు, మీ అమ్మమ్మ నాకిత్తో నాలుగేళ్ల పిల్లప్పటి మాట. చెట్టు బెరడు బాది నారబట్ట కొట్టేవాడు ఆయన. నేను అక్షరాలు దిద్దుకున్నది ముసలిదాన్నయ్యాక, మీ బళ్లో వెనక బల్ల మీద, పక్కనున్న పిల్లకాయలు కిసుక్కుమంటుంటే. పుస్తకం చెయ్యడం మాత్రం అక్షరం ముక్క రాని రోజుల్లోనే వచ్చు నాకు. నవ్వకు! చదువు రానివాళ్లం కొట్టమంతా కూర్చుని పుస్తకాలు చేశాం. ఏ కొట్టమా? మశూచి కొట్టం.

జమ్ము చిత్తడికి అవతల కాఫీ గింజలు పోసే కొట్టం ఉండేది. మశూచి వచ్చినవాళ్లందర్నీ తీసుకెళ్లి అందులో పెట్టి, దారికి అడ్డంగా తాడు కట్టారు. తిండి లోపలికి రావచ్చు, లోపల్నించి పూచికపుల్ల బయటికి పోకూడదు. టీకాల మనిషి ఒకడుండేవాడు, ఖాకీ నిక్కరు, కొంగ కాళ్లు. "మరగబెట్టనిదేదీ తాడు దాటడానికి వీల్లేదు!" పొద్దస్తమానం అదే పాట. సెనోగాకి చిన్నతనంలోనే ఆ జబ్బు వచ్చి పోయింది, మళ్లీ రాదు కదా, అందుకని మాకు నీళ్లు తాగించడానికి ఆయన్ని లోపల పెట్టారు. ఆయన ముఖమా, వడగళ్లు పడ్డ ఇసక అనుకో. నాకు జ్వరం దిగింది, పొక్కులు ఎండాయి, ఓ పొద్దున నీళ్ల కుండలో నా ముఖం చూసుకున్నానే తల్లీ... ఏడుపు రాలేదు. భయం వేసింది. నాకిత్తోని మా అత్త దగ్గర వదిలి వచ్చాను. ఇక అది నన్నెలా గుర్తుపడుతుంది? ఈ దయ్యమెవరని జడుసుకోదూ? ఆ మాటే సెనోగాతో అన్నాను. ఏదో ఒకటి చెప్పి ఓదారుస్తాడనుకున్నా. "జడుసుకుంటుంది. నా చెల్లెలు జడుసుకుంది. పెళ్లై వెళ్లేదాకా నా ఎదురుగా రాలేదు," అన్నాడు. అని ఊరుకున్నాడా? కత్తి తీసుకుని కొట్టం వెనక ముటూబా చెట్టు దగ్గరికి, అదే నారబట్టకి బెరడిచ్చే చెట్టు, దాని దగ్గరికి పోయాడు. "పిల్లకి నీ కొత్త ముఖం ముందే పంపిద్దాం పద!"

అబ్బ, ఆ పని చూడాలే నువ్వు! చెట్టుకి చొక్కా విప్పినట్టు బెరడంతా ఒక్క ముక్కగా ఒలిచాడు. మళ్లీ చెట్టుకి చలేస్తుందని మానుకి అరటాకులు చుట్టి కట్టాడు, పసిబిడ్డకి కట్టినట్టు. బెరడు మరగబెట్టి, దుంగ మీద పరిచి, గాట్లున్న కొయ్యసుత్తితో టక్కు టక్కు, టక్కు టక్కు, చూస్తుండగానే తువ్వాలంత ముక్క చాపంతైంది! ఎండకి ఎర్రమట్టి రంగు తేలింది. కోశాం, మడిచాం, అరటినారతో కుట్టాం. ఆయన బొగ్గుతో బొమ్మలు గీశాడు. టీకాల మనిషి తీసుకెళ్లి కుండలో మరగబెట్టాడు. తీసి చూస్తే ఏముంది, ఒట్టి గుడ్డ. బొమ్మలన్నీ పులుసులో కలిశాయి. నేనక్కడే కూలబడ్డాను. సెనోగా మాత్రం ఆ నల్లనీళ్ల కేసే చూసి చూసి, "వాత కడిగితే పోతుందా?" అన్నాడు. సైకిల్ చక్రం పుల్ల ఒకటి నిప్పుల్లో పెట్టాడు. అంతే! బట్ట మీద గీత లాగితే పొగ, చుక్క పెడితే చుయ్యిమని చప్పుడు. మొదటి పేజీలో నా పాత ముఖం, నున్నగా. రెండో పేజీలో నాలుగు చుక్కలు. మూడో దాంట్లో ఇంకాసిని. అలా పెంచుకుంటూ పోయాడే, పిల్లకి తెలీకుండా పిల్లని అలవాటు చేస్తూ! మధ్య పేజీలో మా అత్త అరటికాయలు చెక్కుతోంది, పిల్ల నవ్వాలని. ఈసారి మరగబెడితే ఒక్క చుక్కా చెదరలేదు, టీకాల మనిషి దాన్ని తాడు దాటించి మా ఇంటికి పంపాడు. ఇక కొట్టమంతా ఒకటే గోల. "నాకో పుస్తకం, నాకో పుస్తకం!" నా పక్కన పడుకున్న లేవలేని ఆవిడ కూడా మోచేతి మీద లేచి కూర్చుని వాళ్ల ఆవు బొమ్మకి కొమ్ములు కాల్చింది. మేం జబ్బు మనుషులమన్న మాటే మర్చిపోయాం.

మర్చిపోయింది అదొక్కటే అయితే బాగుండు. నారబట్ట దేనికి చుడతాం మనం? ఊఁ, శవానికి. మశూచి కొట్టం నించి మడత పెట్టిన నారబట్ట వచ్చిందంటే ఇంట్లోవాళ్లు ఏమనుకుంటారు? నాకూ తట్టలేదు, పుట్టినప్పట్నించీ నారబట్ట కొట్టిన ఆ మహానుభావుడికీ తట్టలేదు! మా అత్త మడతన్నా విప్పలేదట. నడుం బిగించి నా పేరు పెట్టి ఏడుపు అందుకుంది. "అయ్యో నాలుంగా! నా బంగారు కోడలా! నీ చేతి వేరుశెనగ పులుసు ఇంకెవరు పెడతారే నాకు!" బతికుండగా ఆ పులుసుని కుక్క ముట్టదనేది. ఇంట్లో చావు పడితే వేసే మంట వాకిట్లో వేశారు. జమ్ము మీదుగా పొగ కనపడింది మాకు. నా చావు పొగ నేనే చూశానే! అరిచాను, అరిచాను, గాలి ఎదురు. అక్కడ నా పిల్ల వింటోంది కదా ఆ ఏడుపంతా, వాళ్లమ్మ పోయిందని. సెనోగా సుత్తి అందుకున్నాడు. "చావు పడ్డ చోట ఎవరూ పని ముట్టరు. మనం ముట్టుకుందాం, చప్పుడు విని వస్తారు!" టక్కు టక్కు, టక్కు టక్కు. మేమూ దొరికిన కర్రలతో దుంగలు బాదాం, చేతులు బొబ్బలెక్కేట్టు.

మా అత్త చెవిన పడింది. ఆవిడ సంగతి తెలుసుగా, ఏడుపు ఆపి అయినా సరే తిట్టాలి. "ఎవడ్రా వాడు సిగ్గులేనివాడు! కోడలింకా మట్టిలో పడకముందే నారబట్ట కొడతాడా!" అని పుస్తకం చంకలో పెట్టుకుని చిత్తడి గట్టు దాకా పరుగు. వెనకాల ఏడ్చేవాళ్లందరూ పరుగు. చూస్తే ఇవతల గట్టు మీద నేను గెంతుతున్నాను. నోరు తెరిచింది, మూయలేదు. "బతికే ఉన్నావుటే?" "ఉన్నానత్తా!" "మరి నాచేత ఇంత ఏడిపించావేం? ఈ గుడ్డెందుకు పంపావు?" "విప్పి చూడత్తా! నాకిత్తోకి చూపించు!" విప్పింది. పేజీ తిప్పింది, ఇంకోటి తిప్పింది. నా ముఖం చూసి బెదిరిందేమో అనుకున్నా. అప్పుడు అందుకుంది చూడూ, "ఈ ముక్కెవరిదిరా సెనోగా? నా ముక్కు ఇంతుందా? నీ చెయ్యి విరగ!" చావుకి వచ్చినవాళ్లంతా కడుపులు పట్టుకుని నవ్వడమే. "ఆ పులుసు మాట నేను అనలేదు, వినపడిందా!" అని కూడా అరిచింది.

తాడు విప్పిన రోజున అందరం బయటికి వచ్చాం. నా పక్కనావిడ కొడుకు ఆవిణ్ణి చూసి పనసచెట్టు ఎక్కేశాడు, ఎంత పిలిచినా దిగడు. ఆవిడ పుస్తకంలో ఆవు తప్ప తన ముఖం పెట్టుకోలేదు, పాపం. అది చూసి నేను తాడు కట్టిన చోటే ఆగిపోయాను. నాకిత్తో వచ్చింది, చంకలో పుస్తకం. వాటేసుకోలేదు. ఏడవలేదు. నా గడ్డం పట్టి వంచి, చివరి పేజీ తెరిచి, బొమ్మ మీదో వేలు, నా ముఖం మీదో వేలు, ఒక్కో చుక్కా చూసుకుంటూ వస్తోంది. చెవి దగ్గరకొచ్చి ఆగింది. "ఇది పుస్తకంలో లేదు," అంది. కోపం! మా అత్త కోపమే. నన్ను సెనోగా దగ్గరికి లాక్కుపోయి, "తాతా, ఒకటి మర్చిపోయావు. పుల్ల కాల్చు," అంది. పుల్ల నిప్పుల్లో పెట్టాడు. అది ఎర్రబడేదాకా మీ అమ్మమ్మ నా చెవి పక్కనించి వేలు తియ్యలేదే, మళ్లీ ఆ చుక్క ఎక్కడుందో తప్పిపోతుందని...

...

వాన పడేట్టుంది. వాకిట్లో బట్టలు తీశారో లేదో చూసి రా.