పుట్టని గడియారం

రాజవ్వ ఉండె గదా, కొమురయ్య బిడ్డ. ఆ కొమురయ్య దొర ఉండే గడిల వెట్టి చేసేటోడు. చెరువు తెగిన ఏడు పెద్దదొర చేతిగడియారం పోయిందంట. స్విట్జర్లాండుదంట. "కొమురయ్య జొన్నల కుండల దొరికింది" అని దొరే చెప్పిండు, దొరే తీర్పిచ్చిండు, దొరే కొట్టించిండు. కొమురయ్య మళ్ల లేవలే. మనిషి పోయిండు గని దొంగ పేరు పోలే. ఊళ్ళె కోడి పోనీ, కొడవలి పోనీ, మొదలు రాజవ్వ ఇంట్ల కుండలు బోర్లియ్యాలె. రివాజు అనుకో. కోపం గూడ ఉండదు. "ఏమనుకోకు రాజవ్వా" అనుకుంటనే గింజలు వాకిట్ల కుమ్మరించేటోళ్ళు. దీన్ని మనం శాంతి అంటం.

ఇగ ఏమైందంటే, పెద్దదొర పోయినంక కొడుకు మురళీధర్‌రావు ఆ గడియారం అమ్ముదామని, పాత గడియారాలు కొనే హమీద్ సాబును పట్నం నుంచి పిలిపిచ్చిండు. రాజవ్వ ఆ గడి వాకిట్లనే కందులు చెరుగుతున్నది. "దీనికి చరిత్ర ఉన్నది సాబ్, దొంగ కుండల నుంచి మా నాయిన తీసిన గడియారం, నలభై ఆరుల" అని దొర మీసం దువ్విండంట. సాబు వెనక మూత తీసి, కంటికి భూతద్దం పెట్టుకున్నడు. "లోపల వరుస నెంబరు ఉంటది దొరా. ఏ నెంబరు ఏ ఏడు చేసిండ్రో కంపెనీ లెక్క ఉంటది. లోపలి మిషను నెంబరు, పైడొప్ప నెంబరు జత కుదిరినయ్. అసలుదే. గని యాభై మూడుల తయారైంది." సరిగ చూడుమన్నడు దొర. "చూసిన. మీ నాయిన దొంగను పట్టిన నాటికి ఇది పుట్టనే లేదు."

రాజవ్వ చాట కింద పెట్టింది. "పుట్టని గడియారం మా నాయిన కుండలకు ఎట్లొచ్చింది దొరా?" దొర ఆమె దిక్కు చూడనే లే. సాబు దిక్కు తిరిగి, "అయితే ధర తగ్గుతదా?" అన్నడంట. విన్నరా? ధర!

రాజవ్వ ఇల్లిల్లు తిరిగి చెప్పింది. అందరు అయ్యో అన్నరు. అటెన్క సర్పంచి ఇత్తడి చెంబు పోయింది. "ఈసారి మొదలు గడిల వెతకుండ్రి" అన్నది రాజవ్వ. "ముసల్దానికి పరాచికాలెక్కువైనయ్" అని నవ్వుకుంట ఆమె ఇంట్లకే పోయిండ్రు. ఆమె గోడ మీద మా రైతుకూలి సంఘపోళ్ళు ఎర్రగ రాసిన నినాదం ఉన్నది: 'దొరతనం నశించాలె'. కుండలు బోర్లిచ్చినోళ్ళల్ల ఆ అక్షరాలు రాసినోడు గూడ ఉన్నడు. మంచోడే. గోడకు ఆనకుండ జర దూరంగనే బోర్లిచ్చిండు, రంగు చెడుతదని.