వెనక సీట్లో అక్క

డ్రైవింగ్ పరీక్ష ముగిసింది. పరీక్ష పెట్టిన ఆఫీసరు కారు దిగి, కిటికీ దగ్గర వంగి ఆ దేశపు భాషలో నాలుగు ముక్కలు చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు. స్టీరింగు ముందు చెల్లెలు, వెనక సీట్లో దుభాషిగా వచ్చిన అక్క మిగిలారు.

"ఏమన్నాడక్కా?"

"ఏమంటాడే... ముందు బండి సరిగ్గా ఆపు."

"ఆపే ఉంది. హ్యాండ్‌బ్రేక్ కూడా వేశాను. ఏమన్నాడు?"

"మళ్ళీ రమ్మన్నాడు."

"మళ్ళీ అంటే?"

"మళ్ళీ అంటే మళ్ళీ. పోయిందే తల్లీ. ఏం చేస్తాం చెప్పు."

"ఈసారి బాగానే నడిపాను కదక్కా."

"నువ్వు బాగానే నడిపావు. వాడి కళ్ళకి ఆనాలిగా. వాడి మొహం చూశావా, ఆముదం తాగినట్టు!"

"నవ్వాడు కదా."

"ఎక్కడ నవ్వాడు?"

"దిగేటప్పుడు."

"ఈ ఊళ్ళో ఫెయిల్ చేసేవాడు కూడా నవ్వే చేస్తాడు. అదో మర్యాద వీళ్ళకి."

"ఏం తప్పు చేశానన్నాడు?"

"మామూలే. భయపడుతున్నావట. ఆ సర్కిల్ దగ్గర తెగ ఆలోచించావట."

"ఆలోచించలేదే! బస్సు పోనిచ్చి కదిలాను."

"అదే, అంతసేపు ఆగక్కర్లేదట."

"అంతేనా?"

"అద్దాలు చూడలేదట."

"అంతేనా?"

"ఏమిటే అంతేనా అంతేనా అని, పోలీసులా! వాడు చెప్పిందే నేను చెప్తున్నా. ఆస్పత్రిలో అయినా, కోర్టులో అయినా, ఉన్నది ఉన్నట్టు చెప్పడమే నా పని. దానికేగా నాకు జీతమిస్తున్నారు."

"అవును. నీ పనే అది."

"ఆ వెటకారం ఎందుకు?"

"వెటకారం కాదక్కా. పోయినసారి కూడా భయమే అన్నాడుగా?"

"భయపడితే భయమే అంటారు మరి. మొదటిసారి మాత్రం హారన్ అన్నారు. మన దగ్గర స్కూటీ నడిపినట్టు ముందు హారన్, తరవాతే బ్రేకు. ఆఫీసరు చెవులు మూసుకున్నాడు, గుర్తుందా? సర్లే, జరుగు, నేను నడుపుతా. పిల్లల్ని బడి నుంచి తీసుకురావాలి, వంట కూడా కాలేదు."

"కాసేపుందాం."

"ఇక్కడా? పార్కింగులో కూర్చుని ఏడుస్తావా? ఇంటికొచ్చి ఏడు. వేడిగా కాఫీ పెడతాను."

"ఏడవట్లేదు. ఒకటి అడుగుతా చెప్పు. నేను సందులోకి తిప్పుతుంటే వెనక అలా ఉలిక్కిపడ్డావెందుకు?"

"ఏ సందు?"

"బడి దాటాక వచ్చే సందు. నువ్వింకా నోరు తెరవనే లేదు, నేను ఇండికేటర్ వేసేశాను. అద్దంలో చూశాను, నీ మొహంలో నెత్తురు చుక్క లేదు."

"చూశావా, అందుకే ఫెయిల్! రోడ్డు చూడాల్సింది పోయి నా మొహం చూస్తే పాస్ చేస్తారా?"

"అద్దాలు చూడలేదన్నాడని ఇందాక నువ్వేగా అన్నావు?"

"నీతో వాదించే ఓపిక నాకు లేదు తల్లీ."

"'నేను చెప్పకుండానే ఇది ఎలా తిప్పిందబ్బా' అనుకున్నావు కదూ?"

"ఊహించి ఉంటావు. ఆ దారి నీకు అలవాటేగా."

"ఊహించలేదక్కా, విన్నాను. 'బడి దాటాక మొదటి సందులోకి తిరగండి' అన్నాడాయన. బడి ఇంకా రాకముందే అన్నాడు. నువ్వేమో గొంతు సవరించుకుంటూ, చున్నీ సర్దుకుంటూ కూర్చున్నావు. సందు దాటిపోయాక 'అయ్యో, తిరగమంటున్నాడే' అందామనా?"

"నీకెలా..."

"వాళ్ళ భాష నాకొచ్చక్కా."

"నీకా? ఎప్పటినుంచి?"

"నీ కూతురు నేర్పింది. వంటింట్లో కుర్చీలు వేసుకుని ఆడేవాళ్ళం. నేను డ్రైవరు, అది ఆఫీసరు. తిప్పు పిన్నీ, ఆపు పిన్నీ, వెనక్కి పోనివ్వు పిన్నీ. మొదట్లో ఆటే. వింటే వింటే అదే వచ్చేసింది. పనిలో పక్కనావిడ కూడా రోజంతా లొడలొడ వాగుతూనే ఉంటుంది."

"మరి నాతో ఒక్క ముక్కా అనలేదేం?"

"పాసయ్యాక నీకు మొదటి మాట ఆ భాషలోనే చెప్దామనుకున్నాను. నువ్వు మురిసిపోతావనుకున్నాను, పిచ్చిదాన్ని."

"ఒసేయ్..."

"ఆగు. పోయినసారి ఆయన 'పక్కకి ఆపండి' అన్నాడు. చక్కగా వినపడింది. నువ్వు 'పోనివ్వు' అన్నావు. నేను నా చెవుల్ని నమ్మలేదు, నిన్ను నమ్మాను. పోనిచ్చాను. ఇంటికొచ్చి నన్ను నేనే తిట్టుకున్నాను. కడుపులో పెట్టుకుని చూసుకునే అక్కని అనుమానిస్తున్నానే, నా అంత పాపిష్టిది ఉంటుందా అని."

"కంగారులో ఏదో నోరు జారి ఉంటుందే."

"సరే, జారింది. ఇవాళ ఏమన్నాడో నేను చెప్పనా? 'చాలా బాగా నడిపారు. లోపలికొచ్చి ఫొటో దిగండి, లైసెన్సు ఇస్తారు' అన్నాడు. తప్పుంటే దిద్దు. దుభాషివిగా."

"ముందు తాళం ఇలా ఇయ్యి."

"దిద్దక్కా!"

"అరవకు. జనం చూస్తున్నారు."

"చూడనీ! నేను పాసయ్యాను. పాసైతే నా మొహం మీదే పోయిందే తల్లీ అన్నావు. నీకు నోరెలా వచ్చింది?"

"ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

"ఇక్కడే మాట్లాడు. నాకిస్తామన్న నర్సు ఉద్యోగం ఈ నెలాఖరు దాకానే నా కోసం ఖాళీగా ఉంచుతామన్నారు. నీకు తెలుసు. కారేసుకుని ఇంటింటికీ వెళ్ళి, మంచాన పడ్డవాళ్ళకి కట్లు మార్చే పని. నర్సు చదువు చదివి ఆస్పత్రి దుప్పట్లకి ఇస్త్రీ చేస్తున్నానక్కా. లైసెన్సుంటే ఆ ఉద్యోగం వస్తుంది, ఆ ఉద్యోగముంటే మా ఆయనకి వీసా వస్తుంది. ఆయన్ని చూసి రెండేళ్ళయింది. రాత్రిళ్ళు నేను దిండులో మొహం పెట్టుకుని ఏడిస్తే వచ్చి వీపు నిమిరింది నువ్వు. ఆ చేత్తోనే నా గొంతు కోశావా?"

"మొదటిసారి నిజంగానే పోయిందే. ఒట్టు. అప్పుడు నేనేం చెయ్యలేదు."

"తరవాత?"

"తరవాత... పిల్లల కోసం."

"ఏమిటీ?"

"పిల్లల కోసమేనే. నువ్వెళ్ళిపోతే వాళ్ళని చూసేదెవరు? నాకా రోజుకో చోట డ్యూటీ. మీ బావ సంగతి తెలిసిందేగా, తిన్న కంచం తియ్యడు. స్వార్థమే. ఒప్పుకుంటున్నా. తిట్టు."

"అబద్ధం."

"నిజమే చెప్తున్నానే!"

"ఎదురింటావిడని పోయిన నెల్లోనే మాట్లాడావుగా, సాయంత్రాలు పిల్లల్ని చూడటానికి?"

"అది కుదర్లేదు."

"కుదిరింది. నిన్ననే వచ్చి ఎప్పటినుంచి రమ్మంటారని అడిగింది. మా చెల్లెలు వెళ్ళిపోతుంది, మీరే దిక్కని నువ్వే చెప్పావట. నీకు అబద్ధమాడటం కూడా సరిగ్గా రాదక్కా. నాకు స్టీరింగు పట్టించిందే నువ్వు. సెలవు రోజుల్లో నిద్ర మానుకుని ఖాళీ మైదానంలో నేర్పావు. నేర్పిన దానివే ఎందుకు చెడగొట్టావు?"

"నీ మంచికేననుకో."

"నా నోట్లో మట్టికొట్టడం నా మంచా?"

"నన్ను అడక్కే, నీ కాళ్ళు పట్టుకుంటా. ఇంకొన్నాళ్ళు ఓపిక పడితే అన్నీ అవే..."

"అవే ఏమిటి?"

"ఏం లేదు. నన్ను తిట్టు, కొట్టు, కావాలంటే జన్మలో మాట్లాడకు. అడగడం మాత్రం అడక్కు."

"అడగన్లే. ఇక నీతో నాకు మాటల్లేవు. తోడబుట్టినదానివని నిన్ను నమ్మి వెనక సీట్లో కూర్చోబెట్టుకున్నాను చూడూ, నాది తప్పు. లోపలికెళ్ళి ఫొటో దిగి, ముందు మా ఆయనకి ఫోన్ చేస్తాను. ఇవాళ పరీక్ష అని కూడా చెప్పలేదు ఆయనకి. ఎగిరి గంతేస్తాడు."

"ఇప్పుడే చెప్పకు."

"ఏం?"

"ఇప్పుడొద్దే. సాయంత్రం చెప్పు. ఈలోపు నేనొకసారి మాట్లాడి..."

"ఆయనతో నువ్వు మాట్లాడేదేముంది? ఇదేమిటి, కారు మోగుతోంది?"

"నా ఫోనే, కారుకి కలిపుంది. కట్ చేసెయ్."

"తెర మీద మరిదిగారు అని పడుతోంది."

"కట్ చెయ్యమన్నానా!"

"మరిదిగారంటే మా ఆయనేగా. ఈ వేళప్పుడు నీకెందుకు చేస్తున్నాడు?"

"ఏదో పనుండి... ఏమో, నాకేం తెలుసు. కట్ చెయ్యవే, దణ్ణం పెడతా. నువ్వు వినకూడదే."

"ఏం వినకూడదు?"

"ఆ బటన్ జోలికి పోకు. ఒసేయ్, చెప్పేది విను, నేనే నెమ్మదిగా చెప్దామని..."

"నొక్కేశాను. మాట్లాడు."

"హ... హలో."

"హలో వదినా! ఈసారీ ఫెయిలే కదా? హమ్మయ్య. ఇక ఆ ఉద్యోగం పోయినట్టే, నేనక్కడికి రావక్కర్లేదు. నాకు రావడం ఇష్టం లేదన్న సంగతి తనకి తెలియకుండా దాచారు, మీ మేలు మర్చిపోను. ఏడుస్తోందా? ఏడవనివ్వండి, ఓ గంటాగి నేనే ఫోన్ చేసి ఓదారుస్తాను."